చీరకు లేని దోషము

రంగస్థలముపై పురుషుడు చీర కట్టినచో కరతాళధ్వనులు చేసెదము; వీథిలో కట్టినచో రాళ్లు రువ్వెదము. చీర యొక్కటే, చూచువారమును మనమే. ఈ భేద మెక్కడనుండి వచ్చినది?

స్థానం నరసింహారావుగారు సత్యభామగా, రోషనారగా, మధురవాణిగా ఆంధ్రదేశమునెల్ల మురిపించిరి; 1956లో వారికి పద్మశ్రీ లభించినది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారి భామవేషమును చూచి స్త్రీలే ముక్కున వ్రేలు వేసికొనిరి. తిరుపతి గంగమ్మజాతరలో నేటికిని పురుషులు చీరలు కట్టి మ్రొక్కులు చెల్లించుచున్నారు. వీరి నెవ్వరును నిందింపరు. కాకతి రుద్రమదేవి రుద్రదేవ మహారాజను పురుషనామముతో శాసనములలో నిలిచినది. ఆమె పేరు చెప్పుకొని గర్వించుచున్నాము.

ఇచ్చట నొక సంగతి విచారింపవలెను. స్త్రీ పురుషవేషము దాల్చినచో మగరాయుడని గొణిగినను, లోలోపల శౌర్య మని మెచ్చుకొందుము. పురుషుడు స్త్రీవేషము దాల్చినచో పతన మందుము. పిరికివానిని తిట్టవలసినప్పుడు "గాజులు తొడుగుకొను"మని గదా మనవారందురు! కావున మనము పరిహసించునది చీరను గాదు, స్త్రీత్వమును. తల్లిని దేవతయని పొగడుచు, ఆమె వస్త్రమును అవమానచిహ్నముగా నెంచువాని భక్తి యెంతటిదో వాడే విచారించుకొనవలెను.

రెండవ దోషము మన పిలుపులలో నున్నది. కళకొఱకు స్త్రీవేషము వేయు నటుడు వేఱు. తాను పురుషుడనియే యెఱింగియుండి, మనస్సునకు హాయి యగుటచే స్త్రీవస్త్రములు ధరించువాడు వేఱు. పుట్టినప్పుడు మగబిడ్డ యని వ్రాయబడినను, అంతరంగమున తాను స్త్రీనని యెఱింగిన ట్రాన్స్‌జెండర్ స్త్రీ వేఱు. మొదటివానికి చీర వేషము, రెండవవానికి ఇష్టము, మూడవయామెకు అది తన వస్త్రమే. ఆమెను వేషధారి యనుట యబద్ధమాడుట. హిజ్రాలన్ననో, గురుచేలా సంబంధములతో తమదైన కట్టుబాటు గల సమాజము; ట్రాన్స్‌జెండర్ స్త్రీలందఱును హిజ్రాలు కారు. వీరినందఱిని కొజ్జా, పేడి యను నొక్క తిట్టుమూటలో కట్టివైచుట యజ్ఞానము. తెలిసియు కట్టుట క్రౌర్యము.

"పేరులో నేమున్నది? వారికి కూడు, గూడు కావలెను గాని మాటలు గావు" అని కొందఱాక్షేపింతురు. పేరులో చెఱసాల యున్నది. 1871లో ఆంగ్లప్రభుత్వము చేసిన నేరస్థజాతుల చట్టము కొందఱిని నపుంసకులను పేర పట్టికలో నెక్కించి, అట్టివారు స్త్రీవస్త్రములతో వీథిని గనబడినచో రెండేండ్లవఱకు ఖైదు విధింపవచ్చునని శాసించెను. నైజాము రాజ్యమున 1329 ఫసలీలో వచ్చిన చట్టమును అదే త్రోవను నడచెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను అది పుస్తకములలో నిలిచియే యుండెను. 2023లో గాని తెలంగాణ ఉన్నత న్యాయస్థానము దానిని రాజ్యాంగవిరుద్ధ మని కొట్టివేయలేదు. అంతకు తొమ్మిదేండ్ల ముందే, 2014లో, సర్వోన్నత న్యాయస్థానము తన లింగ మేదో నిర్ణయించుకొను హక్కు ఆ మనుష్యునిదే యని తీర్పు చెప్పియుండెను. ఒక్క పేరు తగిలించి మనుష్యుని ఖైదుచేయ వీలైనప్పుడు, సరియైన పేరుతో పిలుచుట చిన్నపని యెట్లగును? తిట్టుపేరుతో పిలువబడువానికి అద్దెయిల్లెవ్వ డిచ్చును? కొలువెవ్వ డిచ్చును? కూటికిని గూటికిని త్రోవ మాటమీదుగనే యున్నది.

ఈ విషయమున మన భాష మనకు తోడ్పడుచున్నది. వాడు, అది యని తక్కువచేయు మాటలున్నట్లే, లింగభేదము చూపని "వారు", "గారు" అను గౌరవపదములును గలవు. ఎదుటివారు తమను స్త్రీగా జెప్పుకొన్నచో ఆమె యనుడు. పురుషుడుగా జెప్పుకొన్నచో ఆయన యనుడు. తెలియనిచో మర్యాదగా నడుగుడు. అడుగ వీలుగానిచో "వారు" అనుడు. ఇందులకు క్రొత్త వ్యాకరణ మక్కఱలేదు.

ఉపాధ్యాయులారా, పత్రికాధిపతులారా, చలనచిత్రములకు మాటలు వ్రాయువారలారా! చీర కట్టిన పురుషుని జూపి నవ్వు పుట్టించుట సులభమే. ఆ నవ్వు వీథికి వచ్చి యొకరి వీపుపై రాయిగా పడుచున్నది. స్థానంవారికి గారు చేర్చి పిలిచిన నోరు, బస్సులో చేయి చాచి నిలిచిన యామెను "అది" యనుట మానవలెను. ఆ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు.