రిటైరైంది ఆయనే!

మగవాళ్ళకి రిటైర్మెంటు దగ్గరపడేకొద్దీ సొంతూరి మీద బెంగ ఎక్కువవుతుంది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఏ ఫ్లాటు తలుపు తట్టినా ఇదే మాట. "హాయిగా మన ఊరెళ్ళిపోదామోయ్! పెరట్లో కూరలు, ఇంట్లో పాడి" అంటారు. పాదులకి నీళ్ళెవరు పోయాలో, పాలెవరు పితకాలో మాత్రం చెప్పరు.

మావారూ అంతే. అశోక్‌నగర్ ఫ్లాటు అమ్మేసి, అమలాపురం దగ్గర మా అత్తగారింటికి వెళ్ళిపోదామన్నారు. అమ్మకం తర్వాత, ముందు రెండు నెలలు ఉండి చూద్దామన్నాను. పోయిన వేసవిలో వెళ్ళాం.

బాగాలేదని అబద్ధం చెప్పను. చెట్టు మీంచి అప్పుడే దింపిన బొండాలు, ముంజలు, సాయంత్రం కొబ్బరితోటలోంచి వచ్చే గాలి... మావారికి అరుగు మీద చిన్ననాటి స్నేహితులు. పొద్దున మొదలైన కబుర్లు మధ్యాహ్నమైనా తెమలవు. వాటికి మూడు విడతల కాఫీ నా వంతు. అరవై రెండేళ్ళొచ్చినా ఆ ఇంట్లో నేను కోడలినే. గడప దాటితే చాలు, "ఎక్కడికమ్మా ఒక్కదానివే?" అని వీధి చివరిదాకా ముగ్గురు అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు, కాదనను.

ఇక వడియాల కథ. బూడిదగుమ్మడి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా సన్నికల్లు బరువు పెట్టాను. తెల్లారి గట్టిగా రుబ్బిన మినప్పిండిలో పచ్చిమిర్చి ముద్దతో కలిపి, డాబా మీద పాతచీర పరిచి రెండొందల దాకా పెట్టాను. కాపలా మావారిది. గొడుగు నీడ చల్లగా ఉందేమో, కునుకు తీశారు. కోతులు వడియాలతోపాటు ఆయన కళ్ళజోడూ పట్టుకుపోయాయి! రెండ్రోజులకి పక్కవాళ్ళ పాక మీద దొరికింది, ఒక్క అద్దంతో.

తిరిగొచ్చాక ఆయనకి నెమ్మదిగా చెప్పాను, నాకు రిటైర్మెంటు దొరికేది ఇక్కడేనని. పొద్దున ఇందిరా పార్కులో నడక. సాయంత్రం తాళం వేసి త్యాగరాయ గానసభకి ఒక్కదాన్నే వెళ్తాను, ఎక్కడికని అడిగేవాళ్ళుండరు. కచేరీయో, నాటకమో, సన్మానమో. సన్మానమైతే ఉపన్యాసాలు ఎక్కువనుకోండి, అప్పుడు సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అక్కడ గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లల మధ్య కుర్చీ దొరకడమే గగనం. 2020 ఫిబ్రవరిలో చిక్కడపల్లికీ, నారాయణగూడకీ మెట్రో వచ్చింది. 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ళకి చార్జీ లేదు. మావారు చిల్లర వెతుక్కుంటుంటే, నేను జీరో టికెట్టు పుచ్చుకుని కిటికీ పక్కన కూర్చుంటాను. ఆ దర్జాయే వేరు వదినా!

రొద లేదా అంటే, ఉంది. అయినా అది నన్ను కాఫీ అడగదు.

"మరి మా ఊరో?" అన్నారు మొహం చిన్నబుచ్చుకుని. పుట్టిన ఇల్లు, వాళ్ళమ్మ పోయాక తాళం వేసి ఉంటోంది. ఆ బాధ నాకు మాత్రం తెలీదూ? అందుకని ఫ్లాటు అమ్మం. సంక్రాంతికి నెల, వేసవికి నెల అక్కడ. షరతొకటే, అరుగు మీది కాఫీలన్నీ ఆయనే కలపాలి.

ఒప్పుకున్నారు. నేర్చుకుంటున్నారు కూడా. మొన్న ఫిల్టరు పై గిన్నెలో వెయ్యాల్సిన పొడి కింద గిన్నెలో వేశారు. ఫరవాలేదు, సంక్రాంతికింకా టైముంది. వేసవి వడియాలకి కప్పడానికి నేను నాలుగు గజాల నైలాన్ వల కొని ఉంచాను.