పాటా, బాటా, మాటా?

పిల్లలూ! ఒక చిన్న ప్రయోగం చేద్దామా? అద్దం ముందు నిలబడి, గొంతు విప్పకుండా పెదవులతో మాత్రమే "పాట, బాట, మాట" అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కలిసి విడిపోతాయి. ఏది ఏమిటో కంటికి తెలియదు. ప, బ, మ మూడూ ఓష్ఠ్యాలే. వాటి తేడా గొంతులోనూ, ముక్కులోనూ ఉంది గాని పెదవుల మీద లేదు.

మరి వినికిడి లేని విద్యార్థి వీడియో పాఠాన్ని ఎలా గ్రహిస్తాడు? "పెదవులు చూసి తెలుసుకుంటాడులే" అనడం ఎంత పొరపాటో మీకే తెలిసింది కదూ! పైగా చాలా పాఠాల్లో మాస్టారి ముఖమే కనబడదు.

అందుకే బడుల కోసం తీసే ప్రతి వీడియోకూ తెర కింద అక్షరాలు, అంటే క్యాప్షన్లు, తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో క్యాప్షన్లు, సంజ్ఞాభాష ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని చెబుతోంది. ఇంకా చదవడం రాని చిన్నపిల్లలకు సంజ్ఞాభాషే ముఖ్యం. ఒకటి ఉన్నదని రెండోది మానరాదు.

"దీనికి ఖర్చవుతుంది కదా?" అంటారు కొందరు. నిజమే. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం పాఠాలు బధిరులకు అందుబాటులో లేవని ఆ దేశ న్యాయశాఖ 2016లో తేల్చింది. ఖర్చు భరించలేమంటూ ఆ విశ్వవిద్యాలయం 2017లో 20,000కు పైగా పాఠాలను బయటివారెవరికీ అందకుండా తొలగించింది! అందరికీ పెట్టలేక పంక్తినే ఎత్తివేసినట్లయింది. చివరకు 2022లో తన పాఠాలను అందుబాటులోకి తేవడానికి ఒప్పుకుంది. వేల పాఠాలు పోగుపడ్డాక కష్టమే. పాఠం రాసుకున్న కాగితం చేతిలో ఉన్నప్పుడే అక్షరాలు చేర్చడం తేలిక.

"యంత్రమే రాసిపెడుతుంది కదా?" అని మీరు అడగవచ్చు. యంత్రం సాయం తీసుకుందాం. కాని "విద్యుత్ వాహకం" కాస్తా "విద్యుత్ వాహనం" అయితే పాఠం ఏమవుతుంది? అందుకే ఆ సబ్జెక్టు తెలిసిన ఉపాధ్యాయుడు సరిచూసి తీరాలి. శృతిదండం మోగితే మోగిందని కూడా రాయాలి.

ఇప్పుడు రెండో ప్రయోగం. ఈ నెల మీ బడిలో చూపే వీడియోను రెండు నిమిషాలు శబ్దం ఆపి చూడండి. అర్థమైనది కాగితం మీద రాయండి. తరువాత శబ్దంతో చూసి పోల్చండి. ఆ రెంటికీ మధ్య తేడాయే మీ తోటి విద్యార్థి రోజూ పోగొట్టుకుంటున్న పాఠం. ఆ కాగితాన్ని మీ మాస్టారికి చూపించండి.