ఖాతా ఉంది, ఫొటో లేదు

తిరుత్తణిలో మా అబ్బాయి పెళ్ళికి తెలుగు శుభలేఖ తిరువళ్ళూరులో అచ్చుకిచ్చాం. కోడలిది తమిళ పేరు. అందులో ‘ఴ’ ఉంది. ప్రూఫులో ఆ చోట ఖాళీ డబ్బా! ‘ళ వేసేద్దాం సార్’ అన్నాడు ప్రెస్సు కుర్రాడు. మనింటికొచ్చే పిల్ల పేరు మార్చే హక్కు మనకెక్కడిదండీ?

మన పాత శాసనాల్లో ఈ అక్షరం ఉంది. 2014లో యూనికోడ్ దీన్ని తెలుగు వరసలో చేర్చింది. నంబరు 3124. తమిళంవారి ఴది 2996. తేడా సరిగ్గా 128. ఒక్కో లిపికీ ఇచ్చిన గళ్ళు అన్నే. అంటే పక్కపక్క పేజీల్లో ఒకే గడి!

కంప్యూటరు దాచేది నంబరునే, రూపమిచ్చేది ఫాంటు. ఖాతా తెరిచారు, ఫొటో అతికించలేదు, అంతే. వేరే ఫాంటు పెట్టించాను, అక్షరం వచ్చింది.

మీకందిన శుభలేఖలో అది అచ్చుతప్పు కాదండోయ్!