మన యాడీల కుట్టుకు గంట కూలి ఎంత?



పోస్టు కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి. చివర్లో మనం చేయాల్సిన పనులున్నాయి, అక్కడిదాకా రాకుండా మాత్రం పోవద్దు.

ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే మాట: "లంబాడీ కుట్టు అంతరించిపోతోంది, ఈ కళను కాపాడుకోవాలి." సభల్లో ఇదే, పేపర్లో ఇదే, ఎగ్జిబిషన్ బ్యానర్ మీదా ఇదే. ఆ బ్యానర్ కిందే నిలబడి, అద్దాల సంచి చేతిలోకి తీసుకుని, "ఇంతనా? తగ్గించమ్మా, సగానికి ఇయ్యి" అని బేరమాడేదీ వీళ్లే. మేము అడిగేది ఒక్కటే. కళ దానంతటదే ఎందుకు చస్తది? రోజంతా కూర్చుని కుట్టినా రోజు కూలి రాకపోతే చెయ్యి సూదిని వదిలేస్తది. పొట్ట కోసం పత్తి ఏరడానికి పోతది. దీన్ని "అంతరించడం" అని అందంగా చెప్తున్నారు. మేము దీన్ని కూలి ఎగ్గొట్టడం అంటాం.

ఈ గ్రూపులో గోండు, కోయ, కొలాం, చెంచు, లంబాడీ పిల్లలందరం ఉన్నాం. అందరికీ తెలిసేలా పని గురించి ముందు చెప్తాం. మా తండాల్లో అమ్మను యాడి అంటాం. యాడి కట్టుకునే పేటియా, కాంచళి, టుక్రి, ఈ మూడూ బజార్లో కొన్న బట్టలు కావు. గుడ్డ ముక్కలు అతికి, అద్దం బిళ్లలు, గవ్వలు, పూసలు, నాణేలు కుట్టి తయారు చేసుకున్నవి. కుట్టులో రకాలకు పేర్లున్నాయి: కిలన్, వేలే, మాకీ, రేలో, నక్ర, ఇంకా చాలా. ఒక్క అద్దం బిళ్ల చుట్టూ దారం తిప్పి, జారకుండా బిగించి, మళ్లీ పైన అలంకారం కుట్టాలి. బిళ్లకు రంధ్రం ఉండదు, దారమే దాన్ని పట్టుకోవాలి. ఇది మిషన్ మీద కాళ్లాడిస్తే అయ్యే పని కాదు.

ఈ పనంతా ఇంట్లో, అరుగు మీద, చెట్టు కింద జరుగుతది. అసలు మోసం ఇక్కడే మొదలైతది. ఇంట్లో చేస్తది కాబట్టి దీన్ని "ఖాళీ టైంలో చేసుకునే పని" అంటారు. ఎవరికి ఖాళీ? పొద్దున లేచి నీళ్లు, వంట, పిల్లలు, ఆ తర్వాత చేను, సాయంత్రం మళ్లీ పొయ్యి. ఇన్ని పనుల మధ్య కళ్లు నొప్పి పెట్టేలా కూర్చుని కుట్టే గంటలు ఖాళీ గంటలు ఎట్లా అయితయి? ఆఫీసులో ఏసీ కింద కూర్చున్న గంటకు జీతం ఉంది, యాడి అరుగు మీద కూర్చున్న గంటకు లేదు. "ఖాళీ టైం" అన్న మాటతో ఆమె కూలిని ముందే సగం కోసేస్తున్నారు.

లెక్క వేద్దాం, లెక్కకు మించిన వాదన లేదు. 2025-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటల పనిగా చూస్తే గంటకు 38 రూపాయల పైచిలుకు. అదేం పెద్ద కూలి కాదు, మట్టి పనికి సర్కారు తానే కట్టిన లెక్క. ఇప్పుడు ఉదాహరణకు ఒక కుషన్ కవరు తీసుకుందాం. యాడి రోజుకు నాలుగు గంటల చొప్పున ఐదు రోజులు కూర్చుంది అనుకుందాం, అంటే 20 గంటలు. ఉపాధి కూలి లెక్కనే కట్టినా 767 రూపాయలు. గుడ్డ, దారం, అద్దాలకు 150 వేసుకుంటే 917. ఇందులో ఇంకా లాభం లేదు, బస్సు చార్జీ లేదు, ఆమె నైపుణ్యానికి ఒక్క రూపాయి లేదు. దాన్ని బేరమాడి 500కు కొన్నవాళ్లు ఆమెకు గంటకు 17 రూపాయల 50 పైసలు ఇచ్చినట్టు. మరి దళారి వచ్చి గుడ్డ, దారం తానే ఇచ్చి, "పీసుకు 200" అంటే? గంటకు 10 రూపాయలు. పైగా "ఇక్కడ మరక పడింది, అక్కడ కుట్టు వదులైంది" అని అందులోనూ కోత.

ఆ పీసు పట్నం షాపులో అద్దాల బీరువాలోకి ఎక్కినాక దాని రేటు మారిపోతది, పేరు కూడా మారిపోతది. "ఎత్నిక్" అంటారు, "బోహో" అంటారు. కుట్టిన మనిషి పేరు ఆ చీటీ మీద ఎక్కడా ఉండదు. ఇంకో పక్క, మన డిజైన్‌నే మిషన్ మీద అచ్చేసి "ట్రైబల్ ప్రింట్" అని అమ్ముతున్నారు. అద్దం బదులు మెరిసే ప్లాస్టిక్ బిళ్ల. అది కొన్న మనిషి రేపు మన యాడి దగ్గరికొచ్చి, "ఆన్‌లైన్‌లో ఇంతకంటే చౌకగా వస్తోంది" అంటది. మన పనికి నకలు తీసి, ఆ నకలు రేటుతోనే అసలును కొడుతున్నారు.

ఇక సర్కారు సంగతి. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు. మంచిదే. ఆ 18 వృత్తుల జాబితా ఒకసారి చదవండి. దర్జీ ఉన్నాడు, బుట్టలూ చాపలూ అల్లేవాళ్లు ఉన్నారు, బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు. చేతి ఎంబ్రాయిడరీ అన్న వృత్తే లేదు. ఇత్తడి పోత పోసే ఓజుల పని కూడా విడిగా లేదు. కళ అంతరించిపోతోందని ఏడ్చే నోళ్లు ఈ జాబితా గురించి ఎందుకు మాట్లాడవు?

ఓజుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉషేగావ్, కేస్లాగూడ లాంటి ఊళ్లలో ఓజులు డోక్రా చేస్తారు. మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి తీయాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే. ఒక్క అచ్చుకు ఒక్కటే బొమ్మ. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. అప్పుడు మనమందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. కానీ జీఐ అంటే ఏంది? ఆ పేరును వేరే చోట చేసిన సరుకుకు వాడకుండా ఆపే హక్కు, అంతే. అది రేటు కట్టదు, గిట్టుబాటు ఇయ్యదు. పైగా ఆ పేరు మీద చట్టప్రకారం అమ్ముకోవాలంటే ఒక్కో కళాకారుడు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవాలి. ఊళ్లో ఎంతమందికి ఆ కాగితం ఉందో కనుక్కున్నామా? కర్ణాటకలో సండూరు లంబాణి కుట్టుకు కూడా జీఐ ఉంది. అది సండూరు పేరుకు రక్ష. మన తండాలకు అది వర్తించదు, "బంజారా స్టైల్" అని మిషన్ మీద అచ్చేసేవాణ్ని ఆపదు.

"ఆన్‌లైన్‌లో అమ్ముకోండి, దళారి ఉండడు" అని ఇంకో సలహా. సరే, చూద్దాం. 2023 అక్టోబర్ 1 నుంచి ఆన్‌లైన్ వేదికల మీద సరుకు అమ్మే చిన్నవాళ్లకు, టర్నోవర్ పరిమితి లోపల ఉంటే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నారు. కానీ సొంత రాష్ట్రం లోపల అమ్మితేనే. దేవరకొండ తండాలో కుట్టిన సంచిని ఆ వేదిక మీద హైదరాబాద్‌కు అమ్మితే రిజిస్ట్రేషన్ వద్దు, బెంగళూరుకు అమ్మితే కావాలి. సంచి అదే, కుట్టిన చెయ్యి అదే. చదువు రాని యాడి నెలనెలా రిటర్నులు వేయాలా? వేదిక కమిషన్, వాపస్ వచ్చిన సరుకు ఖర్చు, మండల కేంద్రం దాకా పోయి కొరియర్ వేసే బస్సు చార్జీ, ఇవన్నీ ఆమె నెత్తిన పడితే దళారి పోయిండని సంబరపడాలా?

ఇంట్లో కూర్చుని వేరేవాళ్ల కోసం పీసు లెక్కన పనిచేసే వాళ్లను మిగతా కూలీలతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. ఇంటి పని కూలి పనే అని ఒప్పుకుంటే లెక్క చెప్పాల్సి వస్తది కదా!

ఇప్పుడు మనలోంచే వచ్చే మాటలకు జవాబు.

మొదటిది: "మనం చదువుకున్నాం, ఉద్యోగాలు తెచ్చుకుంటాం, యాడి ఇంకా కుట్టుకుంటూ కూర్చోవాలా? పోనీయండి." ఎవరినీ బలవంతంగా కుట్టమని మేము అనట్లేదు. కుట్టాలా మానాలా అన్నది ఆమె ఇష్టం. కానీ గంటకు 10 రూపాయలు వచ్చే చోట మానేయడం ఇష్టం కాదు, గతిలేనితనం. గిట్టుబాటు ఇచ్చి, ఆ తర్వాత అడగండి ఆమె ఇష్టమేందో.

రెండోది: "మన బట్ట మన గుర్తింపు, దాన్ని అంగట్లో పెట్టొద్దు." ఈ బాధ మాకూ అర్థమైతది. పెళ్లికీ పండగకూ కుట్టుకునేది వేరు, అమ్మడానికి కుట్టేది వేరు. ఏది అమ్మాలో ఏది అమ్మొద్దో గీత గీసే హక్కు కుట్టేవాళ్లదే. ఎట్లాగూ వేరేవాళ్లు మన గుర్తింపును అచ్చేసి అమ్ముతూనే ఉన్నారు. మనం అమ్మకపోతే ఆ అంగడి మూతపడదు.

మూడోది: "దళారి అన్నా పని ఇస్తున్నాడు, అదీ లేకపోతే ఎట్లా?" దళారి మాయమైపోవాలని మేము కోరట్లేదు. గంటలు లెక్కగట్టి రేటు ఇయ్యమంటున్నాం. అట్లా ఇచ్చేవాడు వ్యాపారి, ఎగ్గొట్టేవాడు దళారి.

ఇది కాని పని అనుకోవద్దు. తమిళనాడు ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో లంబాడీ ఆడవాళ్లు దాదాపు మర్చిపోయిన కుట్టును పెద్దమ్మల దగ్గర మళ్లీ నేర్చుకుని 'పోర్గై' అనే సంఘం పెట్టుకున్నారు. ఆ మాటకు అర్థం గర్వం. సండూరు కుశల కళా కేంద్రం లంబాణి ఆడవాళ్లు 450 మందికి పైగా కుట్టిన 1,755 వస్తువులను 2023 జూలైలో హంపీలో జీ20 సమావేశం సందర్భంగా పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. రికార్డు సంగతి అట్లా ఉంచండి. అంతమంది చేతులు ఒక సంఘంగా ఒక చోట నిలబడ్డాయి, మనం చూడాల్సింది అదీ. ఒక్కొక్క యాడి ఒక్కొక్క అరుగు మీద ఉన్నంత కాలం రేటు చెప్పేది సంచి పట్టుకుని వచ్చినవాడే.

మరి మనం చేయాల్సిన పనులు:

1. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్ కొనండి. ఏ పీసుకు ఎన్ని గంటలు పట్టింది, దారానికి ఎంతయింది, ఎంతకు అమ్మింది రాయండి. యాడికి రాయరాకపోతే తమ్ముడో చెల్లో రాయాలి. లెక్క చేతిలో లేకుండా బేరంలో గెలవలేం.

2. కేంద్ర జౌళి శాఖ హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే కళాకారుల గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డుకు దరఖాస్తు పెట్టించండి. ప్రభుత్వ మేళాల్లో స్టాలు అడగాలన్నా, హస్తకళల పథకాలు అడగాలన్నా ముందు ఆ కార్డే చూస్తారు. అది కుట్టే మనిషి పేరు మీదే ఉండాలి, ఇంట్లో మగవాళ్ల పేరు మీద కాదు.

3. అమ్మే ప్రతి పీసుకు ఒక చీటీ కట్టండి. కుట్టినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు, తండా పేరు, పట్టిన గంటలు. గంటలు చూశాక కూడా సగానికి అడిగేవాళ్లు అడగనీయండి, కనీసం ఏం అడుగుతున్నారో వాళ్లకు తెలుస్తది.

4. కాలేజీ ఫెస్టుకు పేటియా కావాలని మనల్ని అడిగితే, "ట్రైబల్ డాన్స్" అని ఊరికే ఇయ్యొద్దు. అద్దె కట్టమనండి.

5. మనలో ఎవరైనా ఫోన్ ద్వారా ఆర్డర్లు తెచ్చిపెడితే కష్టానికి ఇంత అని ముందే చెప్పి తీసుకోండి, లెక్క అందరి ముందూ పెట్టండి. ఇంగ్లిష్ వచ్చినందుకు మనమే కొత్త దళారులం కావొద్దు.

సర్కారును అడగాల్సినవి మూడు. విశ్వకర్మ జాబితాలో చేతి ఎంబ్రాయిడరీని, డోక్రా పోతను చేర్చాలి. ఇంటి నుంచి అమ్మే చేతిపనివాళ్లకు రాష్ట్రం దాటి ఆన్‌లైన్‌లో అమ్మినా చిన్న మొత్తాలకు రిజిస్ట్రేషన్ తీసేయాలి. సభల్లో కప్పే శాలువాలు, ఇచ్చే జ్ఞాపికలు కాంట్రాక్టర్ దగ్గర కాకుండా తండాల్లో, గూడేల్లో ఉన్న సంఘాల దగ్గర, గంట కూలి లెక్కగట్టి కొనాలి. మంత్రి మెడలో పడే శాలువా ఎవరు కుట్టారో కూడా ఆ సభలో చెప్పాలి.

మీ జిల్లాలో ఎన్ని తండాల్లో, గూడేల్లో ఇంట్లో చేతిపని చేసేవాళ్లున్నారో కింద రాయండి. ఏ పని, పీసుకు ఎంత ఇస్తున్నారు, ఎన్ని గంటలు పడుతోంది, ఇవి చాలు. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టొద్దు. వచ్చిన లెక్కలన్నీ ఒక చోట చేర్చి జిల్లాల వారీగా వినతిపత్రాలు రాద్దాం. కాపాడుతామని చెప్పేవాళ్ల ముందు ఈసారి లెక్క పెడదాం.