ఒంటి లెక్కలు – 4: బొటనవేలికి 30 శాతం



ఏకలవ్యుడి బొటనవేలి మీద మనం రాసినన్ని కవితలు ఇంకే వేలి మీదా రాయలేదు. క్లాసులో నేనూ ఆ వేలి దగ్గర కాసేపు ఆగుతాను. కానీ ఈ దేశంలో బొటనవేలికి చట్టమే ఒక అంకె వేసి పెట్టిందని మన ఎంఏ తెలుగు పిల్లల్లో ఎందరికి తెలుసు? 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూలు తీయండి. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. ఉంగరం వేలు 7. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40.

ఇది సంపాదించే శక్తిలో ఎంత పోయిందన్న లెక్క. నెలకు 15,000 జీతమున్న 30 ఏళ్ల మనిషి శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోతే, జీతంలో 60 శాతాన్ని ఆ వయసుకు చట్టం పెట్టిన 207.98తో గుణిస్తారు. 18,71,820 రూపాయలు. అంటే శాతం పది తగ్గితే 1,87,182 రూపాయలు యజమాని జేబులో మిగులుతాయి.

షెడ్యూల్లో ఉన్న గాయానికి శాతం అచ్చయి ఉంది. లేని గాయాలకు, అంటే దెబ్బతిన్న నడుముకో వంగని మోకాలికో ఆ అంకె వేయాల్సింది డాక్టరు. అచ్చయిన అంకె కూడా ఆఖరి మాట కాదు. ఒడిశాలోని జయపురంలో సినిమా హాలు పని చేస్తూ పడిపోయిన ఒక వడ్రంగికి ఎడమ చేయి మోచేతి పైన తీసేశారు. ఇది పాక్షిక నష్టమేనని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూటికి నూరు అని 1975లో కోర్టు తేల్చింది. కొలవాల్సింది అవయవాన్ని కాదు, బతుకుని. తాపీ పట్టే మేస్త్రికీ, మైకు పట్టి పాఠం చెప్పే నాకూ బొటనవేలు ఒకటే అవుతుందా?

ఇప్పుడు అసలు ప్రశ్న. కొలిచే డాక్టరు ఎవరి డాక్టరు?

సెక్షన్ 11 చదవండి. ప్రమాదం గురించి నోటీసు అందిన మూడు రోజుల్లోపు యజమాని తన ఖర్చుతో డాక్టరు చేత పరీక్ష చేయిస్తానంటే కార్మికుడు ఒప్పుకోవాలి. తగిన కారణం లేకుండా కాదంటే పరిహారం హక్కు ఆగిపోతుంది. పరీక్ష కాకముందే తనంతట తాను ఆ చుట్టుపక్కల నుంచి వెళ్లిపోతే, తిరిగొచ్చేదాకా హక్కు ఆగిపోతుంది. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వలస వచ్చినవాడు చెయ్యి విరిగితే ఎక్కడికి పోతాడు? గంజి కాచి పోసే అమ్మ దగ్గరికి పోతాడు. అది తనంతట తాను వెళ్లిపోవడమట!

చికిత్సకు ఎంత ఖర్చయితే అంతా యజమాని తిరిగివ్వాలని 2009 సవరణ చెప్పింది. మంచిదే. కానీ అప్పు పడ్డవాడి మనిషే అప్పు లెక్క రాసే పద్ధతి పోలేదు. 2020 సామాజిక భద్రతా కోడ్ ఆ పాత చట్టాన్ని తనలో కలుపుకుంది. ఈ పరీక్ష నిబంధన కూడా దాంతోపాటే వచ్చి కూర్చుంది.

ఇక కేసు షీటు. "బాత్రూములో జారిపడ్డాడు." ఈ వాక్యం చెప్పిందెవరు? చెయ్యి మిషన్లో పడ్డవాడు స్పృహలో లేడు. ఆస్పత్రికి తెచ్చిన సూపర్‌వైజరు చెప్పాడు, డ్యూటీ డాక్టరు రాశాడు. ఒక్క వాక్యంతో ఫ్యాక్టరీ మాయమైంది. పక్కనే "మద్యం వాసన" అని ఇంకో ముక్క పడితే సగం కేసు అక్కడే పోతుంది. ఎందుకంటే మత్తు వల్లే ప్రమాదం జరిగిందని తేలితే, చావుకో శాశ్వతమైన పూర్తి వైకల్యానికో తప్ప యజమాని బాధ్యుడు కాడు. వాసన వేరు, మత్తు వేరు, ఆ మత్తే ప్రమాదానికి కారణం కావడం వేరు. ఈ తేడా అడిగేదెవరు? కూలోడంటే తాగుబోతేనన్న జ్ఞానం మెడికల్ కాలేజీ నేర్పింది కాదు, కులం నేర్పింది.

పరీక్ష లేకపోతే కూలీలు నటిస్తారు అంటారు కొందరు పెద్దమనుషులు. పరీక్ష వద్దని ఎవరన్నారు? కూలీ గాయాన్ని పెంచి చెబుతాడని అనుమానించే చట్టం, యజమాని డబ్బిచ్చి పెట్టుకున్న డాక్టరు తగ్గించి రాస్తాడని ఎందుకు అనుమానించదు?

వేరే దారి ఉంది. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరు. ఆ కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని బి.పి. అదార్కర్‌కు అప్పగించారు. అది 1948 ఈఎస్ఐ చట్టానికి దారి వేసింది. అక్కడ వైకల్యం తేల్చేది మెడికల్ బోర్డు. ఆ మాట నచ్చకపోతే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్ ఉంది. ఈఎస్ఐ ఆస్పత్రుల అవస్థ మనకు తెలియంది కాదు. అయినా కొలిచేవాడు యజమాని మనిషి కాకూడదన్న సూత్రం సరైంది. హాజరు పట్టీలో పేరే లేని కూలీ, ట్రాక్టరు నూర్పిడిలో చెయ్యి పోగొట్టుకున్న వ్యవసాయ కూలీ ఆ గడప తొక్కలేరు. వాళ్లకు దిక్కు 1923 చట్టం నుంచి కోడ్‌లోకి వచ్చిన పరిహారమే. మన వాడ జనం ఎటువైపు ఎక్కువున్నారో మీకు నేను చెప్పాలా?

మన డిమాండు ఇది: పరీక్ష ప్రభుత్వ మెడికల్ బోర్డే చేయాలి. కార్మికుడు తన డాక్టరును వెంట తెచ్చుకోనివ్వాలి. రిపోర్టు తెలుగులో చేతికివ్వాలి.

అప్పటిదాకా మీరు చేయగలిగినవి ఉన్నాయి. ప్రమాదం తెలిసిన గంటలోనే ఆస్పత్రికి వెళ్లండి. ఎక్కడ, ఏ మిషన్ మీద, ఎవరి కింద పనిచేస్తుండగా జరిగిందో కేసు షీటులో రాయించండి. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నియమావళి ఉంది, అడగండి. పరిహారం హక్కు వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకున్న కాగితం చెల్లదని ఇంట్లోవాళ్లకు చెప్పండి. క్లెయిముకు గడువు రెండేళ్లు. ఎస్సీ, ఎస్టీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

బొటనవేలి మీద కవిత తర్వాత రాయొచ్చు. ముందు కేసు షీటు చదవండి.

(వచ్చే భాగం: కాంట్రాక్టరు వెనక దాక్కునే అసలు యజమాని – సెక్షన్ 12)

జై భీమ్.