నది మింగిన కోట

గోదావరి గట్టున పెరిగినవాణ్ణి. ఏటికోత అంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే రుమేనియాలో డాన్యూబ్ నది మధ్యనున్న పకుయుల్ లుయ్ స్వారె దీవి గురించి చదివినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

971లో కీవ్ పాలకుడు స్వియతోస్లావ్‌ను దొరోస్తోలోన్ దగ్గర లొంగదీసుకున్న బైజాంటైన్ చక్రవర్తి జాన్ త్జిమిస్కెస్ హయాంలో, డాన్యూబ్ మళ్లీ చేజారకూడదని ఆ దీవిలో రాతికోట లేపారు. మందపాటి గోడలు, ఓడలు ఆగేందుకు రాతి రేవు. ఎంత ముందుచూపు! సామ్రాజ్యం అక్కణ్ణుంచి తప్పుకున్నాక కూడా 15వ శతాబ్దం దాకా అక్కడ జనం బతికారు. ఆ తర్వాత నది వంతు. కోటలో చాలా భాగం డాన్యూబ్ పాలైంది.

1956లో తవ్వకాలు మొదలయ్యాయి, మంచిదే. కానీ గట్టు నిలవకపోతే తవ్వి తీసిన రాయీ నిలవదు. మిగిలిన ఆ కాస్త గోడకూ, రేవుకూ రుమేనియా ప్రభుత్వం ఈ తరంలోనే రక్షణ కట్ట వేయాలి.