శాంతిభద్రతల పేరు మీద

కింద గుడి స్తంభాలు, పైన మసీదు ఆర్చీలు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడితే రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి. 1939 డిసెంబరులో ఏడో నిజాం ఆ భవనాన్ని ప్రారంభించాడు. దాదాపు ఏడాది ముందు, 1938 నవంబరు చివర్లో, అదే యూనివర్సిటీ హాస్టళ్లలో ప్రార్థన వేళ వందేమాతరం పాడిన హిందూ విద్యార్థులను బయటికి గెంటేశారు. రాయిలో కుదిరిన పొత్తు హాస్టల్ గదిలో కుదరలేదు.

ఆ కుర్రాళ్లు ఎవరి మతాన్నీ తిట్టలేదు. పాట మానుకుంటే చదువుకోవచ్చని అధికారులన్నారు, మానుకోబోమని కుర్రాళ్లన్నారు. నాగపూర్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్ వాళ్లకు సీట్లిచ్చి ఆదుకున్నాడు. వరంగల్‌లో చదువుతున్న పి.వి. నరసింహారావు కూడా ఆ ఉద్యమం దెబ్బకు అటు వెళ్లినవారే. అధికారులు ఆనాడు చెప్పిన కారణం మీద కాస్త ఆగాలి. మీ దేవుడు తప్పు అనలేదు వాళ్లు. అది రాజకీయ గీతం, ఇంకో వర్గం నొచ్చుకుంటుంది అన్నారు.

సంప్రదాయవాదులు ఈ కథను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా. చిక్కల్లా ఆ కథను 1938 దగ్గరే ఆపేయడంలో ఉంది.

2012 ఏప్రిల్ 15న, అంబేడ్కర్ జయంతి మర్నాడు, అదే క్యాంపస్‌లో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర బిర్యానీ వండి వడ్డించారు. మా ఇళ్లలో తినేది హాస్టల్ మెస్‌లో ఎందుకు ఉండకూడదు అన్నది వాళ్ల ప్రశ్న. ఏబీవీపీ అడ్డుకుంది. రాళ్లు లేచాయి, బాష్పవాయువు లేచింది, ఒక విద్యార్థి కత్తిపోటుకు గురయ్యాడు. 2015 డిసెంబరు 10న, మానవ హక్కుల దినాన, మళ్లీ తలపెడితే ఈసారి యూనివర్సిటీ అనుమతి లేదంది, కోర్టు ఆపమంది, పోలీసులు క్యాంపస్‌ను దిగ్బంధం చేశారు. పెద్దకూర తినడం నేరమని ఎవరూ అనలేదు. అనలేరు: ఇక్కడ అమల్లో ఉన్న 1977 నాటి చట్టం ఆవును, దూడను కోయడాన్ని నిషేధించింది గానీ, పనికిరాని ఎద్దుకు, దున్నకు సర్టిఫికెట్ ఉంటే కోయనిచ్చింది. కాబట్టి చట్టం పేరు ఎత్తకుండా శాంతిభద్రతలు అన్నారు.

ఆ మాటకు రాజ్యాంగంలోనే చోటుంది. మనస్సాక్షి స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణం మొదలవడమే ప్రజాశాంతికి లోబడి అని మొదలవుతుంది. కానీ ఆ శాంతిని ఎవరు చెడగొడుతున్నారో చూడాలి కదా. పాడేవాడా, పాడితే కొడతానన్నవాడా? 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది: ఒక సినిమా ఆడితే గొడవలవుతాయని బెదిరిస్తే, ఆ బెదిరింపుకు తలొగ్గడం ప్రభుత్వం పని కాదు, రక్షణ ఇవ్వడమే పని. మన యూనివర్సిటీ పరిపాలనా భవనాల్లో ఆ తీర్పు చదివిన జాడ కనిపించదు. ఎవరు ఎక్కువ గొడవ చేయగలరో లెక్క చూసుకుని, రెండోవాళ్లను నోరు మూసుకోమనడమే అక్కడ ఆనవాయితీ.

మెస్ మెనూ సంగతి వేరు. ఒకే వంటగది, ఒకే గిన్నె, అందరి డబ్బు. శాకాహారి విద్యార్థి మనసు కూడా మనస్సాక్షే. దాన్ని కూర్చుని మాట్లాడి తేల్చుకోవచ్చు. తన గదిలో, తన చెట్టు కింద ఒకడు తినేదాన్ని మాత్రం ఇంకొకడి కోపం నిర్ణయించకూడదు. ఇంకో మాట, మా అభ్యుదయ మిత్రులకు చేదుగా ఉన్నా సరే. నుదుటి మీద విభూతి, నెత్తి మీద టోపీ, మెడలో శిలువ చూడగానే సెమినార్ హాల్లో ముసిముసి నవ్వులు నవ్వే అలవాటు మనకూ ఉంది. అది రాయి కాదు, నిజమే. కానీ భక్తుడైన కుర్రాడు ఆ నవ్వుకు జడిసి నోరు మెదపకుండా మూడేళ్లు గడిపేస్తే, వాడి స్వేచ్ఛను ఎవరు లాక్కున్నట్టు?

ఉస్మానియాలో పాఠాలు చెప్పిన రచయిత కంచ ఐలయ్య విషయంలో ఇదంతా ఒకే మనిషి మీదికి వచ్చింది. 2000లో ఆయన పత్రికా వ్యాసాల మీద, పరిధి దాటొద్దని ఉస్మానియా రిజిస్ట్రార్ ఉత్తరం రాశారు. 2017లో, ఆయన ఇంగ్లిష్ పుస్తకంలోని ఒక అధ్యాయం ‘సామాజిక స్మగ్లర్లు కోమటోళ్లు’ అని తెలుగులో విడిగా రాగానే బెదిరింపులు మొదలయ్యాయి. పరకాలలో ఆయన కారు మీద దాడి జరిగింది. ఒక పార్లమెంటు సభ్యుడైతే నడివీధిలో ఉరి తీయాలన్నాడు. ఆ శీర్షిక మాకు నచ్చలేదు. ఒక కులాన్ని మొత్తంగా దొంగల పద్దులో రాయడం విమర్శ కాదని మా అభిప్రాయం. దానికి జవాబు ఇంకో పుస్తకం. నిషేధించాలన్న పిటిషన్‌ను అదే అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. రచయిత మాత్రం అప్పటికే తార్నాకలో ఇంట్లోంచి కదలలేని పరిస్థితిలో పడ్డాడు.

గొడవ చేసేవాళ్లే లేనిచోట మనస్సాక్షికి దారి దొరుకుతుందనుకుంటే, అదీ భ్రమే. తమ బిడ్డ జనన ధ్రువపత్రంలో మతం, కులం రాయబోమన్న దంపతుల కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో తీర్పు చెప్పింది: ఏ మతమూ పాటించకపోవడం కూడా 25వ అధికరణం కిందికే వస్తుంది, ‘మతం లేదు, కులం లేదు’ అని రాసుకునే గడి పెట్టండి అని. ఆ దంపతుల మీద ఎవరూ రాయి విసరలేదు, ఊరేగింపు తీయలేదు. శాంతిభద్రతలు అనడానికి వీల్లేకపోయింది గనుక, ఆన్‌లైన్ ఫారంలో ఆ గడి లేదన్నారు అధికారులు.